ఈసారి సీఫుడ్ సదస్సు భీమవరంలో పెట్టండి

సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, అదే మా జిల్లాల్లో అందరూ ఎంపెడా అని పిలిచే సంస్థ, అధ్యక్షులవారికి, ఆ సంస్థతో కలిసి సీఫుడ్ ప్రదర్శన నిర్వహించే ఎగుమతిదారుల సంఘం పెద్దలకు,



మీరు నిర్వహించే ఇండియా ఇంటర్నేషనల్ సీఫుడ్ షో 2016లో విశాఖపట్నంలో, 2018లో గోవాలో, 2020లో కొచ్చిలో, కోవిడ్ విరామం తర్వాత 2023లో కోల్‌కతాలో జరిగింది. నాలుగూ మంచి ఊళ్లే. విమానాలున్నాయి, హోటళ్లున్నాయి, సాయంత్రం పూట అతిథులను తిప్పి చూపించడానికి ఏదో ఒకటి ఉంది. ఆ ఎంపికలను తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. ఒక్క కోరిక చెప్పుకోవడానికి రాస్తున్నాను. ఈసారి ఆ ప్రదర్శన భీమవరంలో పెట్టండి. తర్వాతి విడతకు చోటు ఖరారైపోయి ఉంటే, దాని తర్వాతిదైనా.

నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారని తెలుసు. భీమవరానికి విమానాశ్రయం లేదు. కన్వెన్షన్ సెంటర్ లేదు. విదేశీ కొనుగోలుదారులు అలవాటుపడిన స్థాయి గదులు వందల్లో లేవు. ఈ మూడింటి సంగతీ తర్వాత మాట్లాడతాను, దాటవేయను. ముందు ఆ ఊరే ఎందుకో చెప్పనివ్వండి. నాకు చెరువు లేదు, ప్లాంటు లేదు, మేత డీలర్‌షిప్పు అంతకన్నా లేదు. సదస్సు ఎక్కడ జరిగినా నా జేబులోకి వచ్చేదీ పోయేదీ లేదు.

మీ లెక్కలే చూద్దాం. 2024-25లో మన దేశం నుంచి దాదాపు 17 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు బయటి దేశాలకు వెళ్లాయి. విలువ రూ. 62,408 కోట్లు. అందులో ఒక్క ఫ్రోజెన్ రొయ్యల వాటాయే రూ. 43 వేల కోట్లు దాటింది. అంటే ప్రతి పది రూపాయల్లో ఏడు రూపాయలు రొయ్యవే. ఆ రొయ్యలో ఎక్కువ భాగం సముద్రంలో వల వేసి పట్టింది కాదు, చెరువులో మేత వేసి పెంచిన వనామీ రకం. ఆ వనామీలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా తీరమంతా చెరువులున్నా, అవి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కనిపించేది కొల్లేరుకూ నరసాపురానికీ మధ్య. ఆకివీడు, ఉండి, కాళ్ల, వీరవాసరం, మొగల్తూరు ఊళ్ల పేర్లు మీ కార్యాలయ దస్త్రాల్లో ఎన్నిసార్లు వచ్చి ఉంటాయో మీకే తెలియాలి. మీ సంస్థ నాణ్యత పరీక్షల ల్యాబ్ భీమవరంలో పెట్టిందీ ఊరికే కాదు గదా. పరీక్ష చేయాల్సిన సరుకు అక్కడుంది గనక పెట్టారు. సదస్సుకూ అదే లెక్క వర్తించకూడదా?

సదస్సుకు చోటు వెతికేవాళ్లు సాధారణంగా వచ్చేవాళ్ల సౌకర్యం చూస్తారు. ఎన్ని విమానాలు, ఎన్ని గదులు, హాలులో ఎన్ని కుర్చీలు. అది తప్పు కాదు. కానీ ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఫలానా ఊళ్లో పెడితే ఎవరు రాలేరు? కొనుగోలుదారుడు కొచ్చికైనా వస్తాడు, కోల్‌కతాకైనా వస్తాడు. అది అతని ఉద్యోగం, టికెట్టు కంపెనీ ఖర్చు. ఎగుమతిదారుడూ అంతే. దూరంగా పెడితే రాలేనివాడు ఒక్కడే, పది పన్నెండు ఎకరాలు లీజుకు తీసుకుని రొయ్య వేసిన రైతు. ఏరియేటర్లు తిరుగుతుండగా, ఏ తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందో తెలియని చెరువును వదిలి అతను మూడు రోజులు కోల్‌కతా వెళ్లలేడు. వెళ్లినా ప్రతినిధి రుసుము కట్టి లోపలికి అడుగుపెట్టే ధైర్యం చేయడు.

రైతుల కోసం వేరే ప్రదర్శన ఉంది గదా అని మీవాళ్లు అనవచ్చు. ఉంది. ఆక్వా ఆక్వేరియా ఇండియా పేరుతో మీరే పెడతారు. 2019లో హైదరాబాద్ హైటెక్స్‌లో పెట్టారు. నా అభ్యంతరం సరిగ్గా అక్కడే. ఆ ప్రదర్శనలో రైతుకు ఎదురయ్యేది సీడ్ అమ్మేవాళ్లు, మేత అమ్మేవాళ్లు, ప్రోబయాటిక్స్ అమ్మేవాళ్లు, ఏరియేటర్లు అమ్మేవాళ్లు. అంటే అతని దగ్గర డబ్బు తీసుకునేవాళ్లు. అతని సరుకుకు చివరికి డబ్బు పెట్టేవాళ్లు వేరే ఊళ్లో, వేరే ఏడాదిలో, వేరే ప్రదర్శనలో ఉంటారు. ఈ రెండు గుంపులూ ఒకే కప్పు కింద కూర్చున్న సందర్భం నాకైతే గుర్తు లేదు. పెళ్లికూతురిని ఇంట్లో ఉంచి కల్యాణమండపంలో పెళ్లిచూపులు జరిపినట్టుంది ఈ ఏర్పాటు.

దీనివల్ల నష్టం ఏమిటో 2025 ఆగస్టు చూపించింది. అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యకు అన్నిటికన్నా పెద్ద గిరాకీ అమెరికాదే. సుంకం ఎవరు భరించాలన్న బేరం కొనుగోలుదారుకూ ఎగుమతిదారుకూ మధ్య సాగింది. అది తెగకముందే ఇక్కడ గట్టు మీద కౌంటు ధర, అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్యను బట్టి కట్టే ధర, పడింది. ఎందుకు పడిందో, ఎంత పడాల్సి ఉందో, ఎంత పడిందో రైతుకు చెప్పినవాడు ఒక్కడే, ఫోన్‌లో కమిషన్ ఏజెంటు. అతను చెప్పింది నిజమే కావచ్చు. కానీ సరిచూసుకోవడానికి రైతుకు ఇంకో గొంతు లేదు. కొనేవాడు కోరేది 30 కౌంటా, 60 కౌంటా, తల తీసిందా, ఒలిచిందా, వచ్చే ఆర్నెల్లలో ఏ సైజుకు గిరాకీ ఉంటుంది? పిల్ల వేయకముందే రైతుకు తెలియాల్సిన సంగతులివి. అవన్నీ మీ ప్రదర్శనలో బల్లల మీద మాట్లాడుకుంటారు. ఆ బల్లలు చెరువుకు వందల మైళ్ల దూరంలో ఉంటాయి.

యాంటీబయాటిక్స్ సంగతి ఇంకా గట్టిది. యూరప్ దేశాలు మన చెరువు రొయ్యల నుంచి ఆ మందుల అవశేషాల పరీక్షకు తీసే నమూనాల శాతాన్ని 2016లో 10 నుంచి 50కి పెంచాయి. అంటే వచ్చిన సరుకులో సగం తనిఖీకి నిలబడాలి. ఆ భారం తగ్గించమని ఢిల్లీ, కొచ్చిల నుంచి ఎన్ని ఉత్తరాలు వెళ్లినా, అసలు నిర్ణయం జరిగేది రాత్రి పూట చెరువు గట్టు మీద. చెక్ ట్రే పైకి తీస్తే మేత మిగిలిపోయి ఉంటుంది, రొయ్య నీరసంగా అంచుకు వస్తుంటుంది. పక్క చెరువువాడు ఒక డబ్బా పేరు చెబుతాడు, దుకాణంవాడు అప్పుకు ఇస్తాడు. ఆ డబ్బాలో ఏముందో, అది వేస్తే ఆరు నెలల తర్వాత ఏ రేవులో కంటైనర్ నిలిచిపోతుందో అతనికి చెప్పాల్సింది ఎవరు? మీరు ప్రీ హార్వెస్ట్ పరీక్షలు పెట్టారు, కాకినాడలోని మీ అనుబంధ సంస్థ నాక్సా ద్వారా రైతు సంఘాలు కట్టించారు. మంచి పనులే, కాదనను. అయినా సర్టిఫికెట్టు అడిగే అధికారి చెప్పడం వేరు, సరుకు కొనే మనిషి ఎదురుగా కూర్చుని ‘మీ దగ్గర కొనడం మానేసి ఈక్వెడార్‌కు వెళ్లడానికి కారణం ఇదీ’ అని చెప్పడం వేరు. రెండోదానికి ఉన్న పదును మొదటిదానికి రాదు.

ఈక్వెడార్ పేరు ఎలాగూ వచ్చింది. ఇవాళ ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ రొయ్య ఎగుమతి చేసేది వాళ్లు. వాళ్ల ఆక్వా ఎక్స్‌పో జరిగేది రాజధాని కీటోలో కాదు, గుయాకిల్‌లో. చెరువులు చుట్టూ ఉన్న రేవు పట్టణం అది. వియత్నాంవాళ్లు కూడా తమ రొయ్యల ప్రదర్శనను హనోయ్‌కో హో చి మిన్ నగరానికో పరిమితం చేయలేదు. మెకాంగ్ డెల్టాలోని కాన్ తో, బాక్ లియూ, కా మావ్ లాంటి పట్టణాలకు తీసుకెళ్లారు. మన గోదావరి డెల్టా లాంటి నేలలే అవి, కాలువలూ చెరువులూ సందు లేకుండా ఉంటాయి.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. యూరప్‌లో జరిగే అతిపెద్ద సీఫుడ్ ప్రదర్శన పాతికేళ్లకు పైగా బ్రస్సెల్స్‌లో సాగింది. బ్రస్సెల్స్ సముద్రం ఒడ్డున లేదు, అక్కడ చేపలు పట్టేవాళ్లూ లేరు. తర్వాత 2022 నుంచి అది బార్సిలోనాకు మారింది. అక్కడా కారణం చేపలు కాదు, విశాలమైన హాళ్లూ చాలినన్ని గదులూ. మరి వాళ్లు చేస్తే లేని తప్పు మనం చేస్తే వచ్చిందా? వచ్చింది. బ్రస్సెల్స్ ప్రదర్శన కొనేవాళ్ల సంత. అమ్మేవాళ్లందరూ కొనేవాళ్ల ముంగిటికి వెళ్లే చోటు. మనది అమ్మేవాళ్ల సంత. మన ఇంటికి పిలిచి మన సరుకు చూపించుకునే చోటు. ఇంటికి పిలిచినవాళ్లను హోటల్‌లో కూర్చోబెట్టి పంపేస్తున్నాం.

ఇక హాలు సంగతి. విశాఖలో 2023 మార్చిలో గ్లోబల్ ఇన్వెస్టర్స్ సమ్మిట్ జరిగింది. 2025 నవంబరులో సీఐఐ భాగస్వామ్య సదస్సు జరిగింది. దేశదేశాల ప్రతినిధులు వచ్చారు, మంత్రులు వచ్చారు, లక్షల కోట్ల ఒప్పందాల ప్రకటనలు వెలువడ్డాయి. రెండూ ఎక్కడ జరిగాయి? ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కాలేజీ మైదానంలో వేసిన తాత్కాలిక హ్యాంగర్లలో. సదస్సు అయ్యాక విప్పేసి పట్టుకుపోయారు. కాలేజీ మైదానం ఒక్కటే అర్హత అయితే భీమవరానికి ఆ కొరత లేదు. ఇంజినీరింగ్ కాలేజీల విషయంలో మావాళ్లు ఎవరికీ తీసిపోరు. ఏసీ కల్యాణమండపాల విషయంలో అయితే విశాఖకే పాఠాలు చెప్పగలరు. వెయ్యిమందికి బంతి భోజనం పెట్టడం మా పెళ్లిళ్లలో మామూలు విషయం. కాకపోతే ముహూర్తాలున్న రోజుల్లో మీకు మండపం కాదు గదా, వంటవాడు కూడా దొరకడు. తేదీలు ఖాయం చేసే ముందు పంచాంగం చూసుకోండి.

విషయాన్ని బట్టి చోటు ఎంచుకుంటే లోట్లు ఎలా సర్దుకుంటాయో హైదరాబాద్ చూపించింది. విమానయాన రంగం ప్రదర్శన వింగ్స్ ఇండియా బేగంపేట పాత విమానాశ్రయంలో జరుగుతుంది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక సాధారణ ప్రయాణికుల విమానాలు ఆగిపోయిన చోటు అది. హెచ్ఐసీసీ లాంటి కన్వెన్షన్ సెంటర్ అదే ఊళ్లో ఉన్నా అక్కడికి వెళ్లరు. విమానాన్ని హాలులో నిలబెట్టలేరు గదా. చెరువును కూడా నిలబెట్టలేరు.

ప్రయాణం, గదుల విషయంలో మాత్రం నేను మొండివాదన చేయను. అది నిజమైన ఇబ్బందే. విమానం మధురపూడిలో దిగినా గన్నవరంలో దిగినా భీమవరం చేరడానికి రోడ్డు మీద రెండు గంటల పైమాటే. వేలమంది వస్తే పడుకోవడానికి భీమవరం ఒక్కటే చాలదు. తాడేపల్లిగూడెం, తణుకు, పాలకొల్లు, ఏలూరు కలుపుకున్నా అతికష్టం. అందుకే నా ప్రతిపాదన కొంచెం తగ్గించి చెబుతున్నాను. ప్రారంభోత్సవం విజయవాడలో చేసుకోండి. జ్యోతి ప్రజ్వలన, మంత్రుల ప్రసంగాలు, శాలువాలు, అవార్డులు అన్నీ అక్కడే కానివ్వండి. వాటికి రైతు రాకపోయినా వచ్చిన నష్టం లేదు. యంత్రాల స్టాళ్లు కూడా అక్కడే ఉండనివ్వండి. అసలు పని, అంటే కొనుగోలుదారుల సమావేశాలు, నాణ్యత మీద చర్చలు, ధరల ముచ్చట, మిగతా రెండు రోజులూ భీమవరంలో జరగాలి. కొనుగోలుదారులు వేలమంది ఉండరు. వాళ్లకు చాలే గదులు ఊళ్లో ఉన్నాయి. మిగతావాళ్లు బస్సుల్లో వచ్చిపోతారు.

దీన్ని మాత్రం ‘ఫీల్డ్ విజిట్’గా మార్చకండి. ఆ తంతు తెలిసిందే. ఏసీ బస్సు వచ్చి చెరువు దగ్గర ఆగుతుంది. ముందే ఎంపిక చేసి, గట్టు చదును చేసి, సున్నం కొట్టించిన చెరువు అది. మెడలో దండ, చేతిలో కొబ్బరిబొండం, వల విసిరితే పడిన నాలుగు రొయ్యలతో ఫోటో. నలభై నిమిషాల్లో బస్సు కదులుతుంది. రైతు ఆ ఫోటోలో ఉంటాడు గానీ మాటల్లో ఉండడు. నేనడిగేది అతనికి కుర్చీ. ఆ కుర్చీకి రుసుము పెట్టకండి. మీ దగ్గర నమోదైన చెరువుల జాబితా ఉంది. మండలానికి కొందరిని పిలిస్తే చాలు. వేదిక మీద మాట్లాడేది తెలుగులోకి అప్పటికప్పుడు చెప్పేవాళ్లను పెట్టండి. కొచ్చిలో పెట్టినప్పుడు ఆ అవసరం ఎవరికీ తోచదు, భీమవరంలో పెడితే మొదటి పది నిమిషాల్లోనే తోస్తుంది.

ఎప్పుడు పెట్టాలి? సంక్రాంతి మూడు రోజులూ వద్దని వేరే చెప్పక్కర్లేదు. కోడిపందేల కోసం హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లతో నిండిపోయి, ఆ రోజుల్లో ఊళ్లో మంచం దొరకదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో చూశాం, 2025 అక్టోబరు చివర మొంథా మా తీరం మీదే విరుచుకుపడింది. సెప్టెంబరులో రెండో పంట చెరువులో ఉంటుంది. 2016లో మీరు విశాఖలో పెట్టింది సరిగ్గా ఆ నెలలోనే. సంక్రాంతి వెళ్లాక, జనవరి చివర నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా అనువైన సమయం. చాలా చెరువులు ఎండగట్టి, దున్ని, సున్నం చల్లి తర్వాతి పంటకు సిద్ధం చేస్తుంటారు. రైతు చేతికి కాస్త తీరిక ఉంటుంది. పైగా ఏ పిల్ల వేయాలి, ఎంత ఒత్తుగా వేయాలి అన్న నిర్ణయం ఇంకా తీసుకోలేదు. కొనేవాడి మాట వినడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు. గోవా, కొచ్చి, కోల్‌కతా ప్రదర్శనలు మీరు జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే పెట్టారు గనక మీ క్యాలెండరు కూడా మార్చుకోనక్కర్లేదు.

ఇంకొక విషయం చెప్పకపోతే ఈ లేఖ నిజాయితీగా ఉండదు. అతిథులను భీమవరం తీసుకొస్తే వాళ్లు మంచి మాత్రమే చూడరు. చెరువుల నీరు కలిసి రంగు మారిన కాలువలు చూస్తారు. చుట్టూ నీళ్లే ఉన్నా మంచినీళ్లు డబ్బాల్లో కొనుక్కుని తాగే ఊళ్లు చూస్తారు. వరి చేను పక్కన చెరువు తవ్వితే ఉప్పు ఊరి ఆ చేను ఏమవుతుందో, వరి రైతును ఎవరైనా అడిగితే చెబుతాడు. తుందుర్రు దగ్గర మెగా ఆక్వా ఫుడ్ పార్కు వద్దంటూ ఆ చుట్టుపక్కల ఊళ్లు ఏళ్ల తరబడి ఎందుకు రోడ్డెక్కాయో కూడా ఎవరో ఒకరు వాళ్ల చెవిన వేస్తారు. రొయ్య ఒలిచే షెడ్లలో పనిచేసే ఆడవాళ్ల పరిస్థితుల మీద 2024 మార్చిలో అమెరికా నుంచి వెలువడిన నివేదికలు అక్కడి సూపర్ మార్కెట్ సంస్థల్ని ఇప్పటికే ఉలిక్కిపడేలా చేశాయి. ఇవన్నీ దాచుకోవాలంటే భీమవరం పనికిరాదు, గోవాయే నయం. కానీ కొనేవాళ్లు ఈ ప్రశ్నలు ఎలాగూ వేస్తున్నారు. దూరం నుంచి నివేదికలు చదివి వేస్తున్నారు. దగ్గరకొచ్చి, ఒలిచే మనిషితోనూ ప్లాంటు యజమానితోనూ మాట్లాడి వేస్తే జవాబు చెప్పే అవకాశమైనా మనకు ఉంటుంది. బాగున్న ప్లాంట్లు లేకపోలేదు. చెడ్డవాటితో కలిసి అవీ మాట పడుతున్నాయి. సదస్సు తేదీ పడగానే జిల్లా యంత్రాంగం కాలువలు శుభ్రం చేయిస్తుంది, రోడ్ల గుంతలు పూడుస్తుంది. హడావుడి పనే, తెలుసు. 2017లో గ్లోబల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్‌కు హైదరాబాద్ చేసిన ముస్తాబులో బిచ్చగాళ్లను రోడ్ల మీద కనపడకుండా చేయడం కూడా ఒకటి. భీమవరంలో అలాంటివి జరగకుండా చూడమని కలెక్టరుగారికి మీరే ఒక మాట చెప్పండి. గుంతలు మాత్రం పూడ్చనివ్వండి.

చివరిగా రెండు చిన్న పనులు. మొదటిది, 2016 విశాఖ ప్రదర్శనకు పేర్లు నమోదు చేసుకున్నవాళ్ల వివరాలు మీ దగ్గర ఉంటాయి. వాళ్లలో సొంతంగానో లీజుకో చెరువు చేస్తున్నవాళ్లు ఎందరో లెక్క తీసి బయటపెట్టండి. విశాఖ మా తీరం మీదే ఉంది గనక ఆ సంఖ్య గోవా, కోల్‌కతాల కన్నా ఎక్కువే ఉండాలి. అది కూడా చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతే ఉంటే నేను చెప్పేది మీకు వేరే వివరించనక్కర్లేదు. పెద్ద సంఖ్యే ఉందంటే ఈ లేఖ చించేయండి.

రెండోది, తర్వాతి చోటు వెతకడానికి మీ అధికారులు బయల్దేరినప్పుడు ఒకరిని భీమవరం కూడా పంపండి. గదులు లెక్కపెట్టుకోమనండి, కాలేజీ మైదానాలు కొలుచుకోమనండి, గన్నవరం నుంచి కారులో వచ్చి ఎంతసేపు పట్టిందో రాసుకోమనండి. ఉండి రోడ్డులో ఏ గట్టు దగ్గరైనా ఆగి, సదస్సు ఇక్కడే పెడితే వస్తారా అని రొయ్యల పట్టుబడిలో ఉన్నవాళ్లను అడగమనండి. ఆ తర్వాత వద్దనుకుంటే, ఎందుకు వద్దనుకున్నారో తెలుగు పత్రికల్లో ఒక ప్రకటన ఇవ్వండి.

ఇట్లు,
గోదావరి డెల్టా నుంచి ఒక పత్రికా రచయిత